మేకుకు గుచ్చిన బిల్లు

(ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో ప్రసంగ పాఠం)

ఫైనలియర్ వాళ్లలో చాలామంది ప్రాజెక్టు కింద యాప్‌లు చేస్తున్నారని మీ సార్లు చెప్పారు. బిల్లులు దాచేది, లెక్కలు రాసేది, గుర్తు చేసేది. మంచిదే. కోడ్ మొదలుపెట్టే ముందు మీ ఇంట్లో గోడ క్యాలెండర్ ముందు కాసేపు నిలబడండి.

పాలు పోయించుకోని రోజు మీద ఇంటూ గుర్తు. గ్యాస్ బండ మార్చిన తేదీ చుట్టూ సున్నా. చీటీ పాట రోజున అమ్మ వేసుకున్న అంకె. పక్కనే మేకుకు గుచ్చిన కరెంటు బిల్లు. కట్టేస్తే బీరువాలోకి పోతుంది, కట్టనంతకాలం మేకు మీదే కనబడుతూ ఉంటుంది.

1983లో థామస్ మలోన్ అనే పరిశోధకుడు ఆఫీసు ఉద్యోగులు బల్లలు ఎలా సర్దుకుంటారో గమనించి చెప్పిందీ ఇదే. ఫైల్లో పెట్టింది తర్వాత వెతుక్కోవడానికి. బల్ల మీద కుప్పగా వదిలేసింది చాలాసార్లు పని గుర్తుచేయడానికి. మనం ఫోన్లో అన్నీ ఫోల్డర్లలోకి తోసేసి, ఆ కుప్ప చేసే పనిని పోగొట్టుకున్నాం.

దాచే చోటు కోసం ఒకప్పుడు పెద్ద కలలే కన్నారు. 1945లో వానెవర్ బుష్ అనే అమెరికన్ ఇంజనీరు, మనిషి పుస్తకాలు, ఉత్తరాలు అన్నీ మైక్రోఫిల్మ్ మీద దాచే బల్లలాంటి యంత్రాన్ని ఊహించి మెమెక్స్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు అంతకు మించిన చోటు జేబులో ఉంది. 2015 నుంచి ప్రభుత్వ పత్రాలు ఫోన్లో దాచుకునే డిజిలాకర్ కూడా ఉంది. అయినా ఆర్టీవో ఆపగానే మనవాళ్లు తెరిచేది గ్యాలరీలో స్క్రీన్‌షాట్!

ఇక నెల్లూరు జిల్లా అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గరికి రండి. షెడ్డులో దారంతో పెన్ను కట్టిన పుస్తకం వేలాడుతుంటుంది. ఎంత మేత వేశారు, మేత తిన్నాయో లేదో చూడ్డానికి నీళ్లలోకి దించే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఎప్పుడు ఆన్ చేశారు, అన్నీ అందులోనే. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి ఆ వేళ రాసిన గీత చాలా ముఖ్యం. రాత్రి కాపలా ఉన్నతను తడిచేత్తోనే రాస్తాడు, పొద్దున రైతు వచ్చి చదువుతాడు. రెండు చేతిరాతలు, ఒకే పేజీ. అక్కడికి మీరు లాగిన్ అడిగే యాప్ తీసుకెళ్తే ఏమవుతుంది? తడి వేలికి టచ్ సరిగా పనిచేయదు. ఓటీపీ బెంగళూరులో ఉన్న కొడుకు నంబరుకి పోతుంది!

ఇలాంటి యాప్‌లకు తగిలించే ‘పర్సనల్’ అన్న మాటతోనే నాకు పేచీ. మన ఇళ్లలో సమాచారం ఒక్కరిది కాదు. పట్టాదారు పాసుపుస్తకం తాతది, దాచేది నాయనమ్మ, ఫొటో తీసి పంపేది మనవరాలు. ఒక మనిషికి ఒక ఖాతా అనే యాప్‌లో ఈ ముగ్గురికీ చోటేదీ?

మనుషులు వాడే కంప్యూటర్ వ్యవస్థల డిజైన్ గురించిన ఐఎస్ఓ 9241-210 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా వాడే మనిషినీ, పనినీ, పరిసరాలనీ ముందు అర్థం చేసుకోమంటుంది. దానికి గూగుల్ ఫారం చాలదు, వెళ్లి కూర్చోవాలి. రైతు ఒప్పుకుంటే షెడ్డులో వేలాడే ఆ పుస్తకంలో పాత పేజీలు తిరగేయండి. ఏ గడి ఖాళీగా ఉందో, ఏది అంచున ఇరికించి రాశారో చూడండి. అంచున రాసిన దానికే మీ మొదటి స్క్రీన్‌లో చోటివ్వండి.

ఇక ప్రశ్నలు. వెనక వరస నుంచి మొదలుపెడదాం.