మహబూబ్ ఘాట్ కుడి మలుపు: కంకర కంటే ముందు జరిగిన తప్పు

నమస్కారం. హనుమకొండ నుంచి మన వీక్షకుడు ఒకరు తన హెల్మెట్ కెమెరా దృశ్యాన్ని పంపి, "అన్నా, కంకర లేకుంటే నేను పడేవాడిని కాదు కదా?" అని అడిగారు. ఆదిలాబాద్ నుంచి నిర్మల్ వైపు మహబూబ్ ఘాట్ దిగుతుండగా, ఒక కుడి మలుపులో ఆయన బండి ఎడమ అంచు దాకా వెళ్లి కంకరలో పడింది. మోకాలు గీసుకుపోవడం తప్ప పెద్ద గాయమేమీ కాలేదు కనుక, ఈ దృశ్యాన్ని నిదానంగా చూద్దాం.

కంకర ఉన్న మాట నిజమే. అయితే లారీలు, బస్సులు నిత్యం నడిచే భాగంలో రోడ్డు శుభ్రంగానే ఉంది. వాటి టైర్లు చిమ్మిన రాళ్లే అంచున పోగుపడ్డాయి. బండికి అక్కడ పనేమిటి?

ఇక్కడ ఆపి చూడండి. మలుపు అవతలి భాగం కనిపించక ముందే ఆయన బండిని లోపలికి తిప్పి, మధ్యగీత దగ్గరకు చేర్చేశారు. కుడి మలుపులో ఇలా తొందరపడితే, మలుపు సగంలో ఉండగానే బండి ఎడమ అంచు వైపు సాగుతుంది; మిగిలిన సగం తిరగడానికి రోడ్డు చాలదు. పైగా టైర్లు గీతకు ఇవతలే ఉన్నా, కుడికి వంగిన బండి మీద మనిషి తల గీత దాటి అవతలికి వెళుతుంది. ఆ క్షణాన ఎదురుగా ఆర్టీసీ బస్సు ఎక్కివస్తూ ఉంటే, మన చర్చ కంకర గురించి ఉండేది కాదు. కంకర తగలనంత దూరంలో ఎడమ పక్కనే ఉండి, అవతలి దారి తెరుచుకునే దాకా ఓపిక పట్టి తిప్పవలసింది.

ఇక వేగం. మలుపు వ్యాసార్ధం 30 మీటర్లు అనుకుంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగానికి బండి సుమారు 23 డిగ్రీలు వంగితే చాలు; 60 కిలోమీటర్లకు దాదాపు 43 డిగ్రీలు వంగాలి. వేగం ఒకటిన్నర రెట్లయితే టైరుకు కావలసిన పట్టు రెండుంపావు రెట్లవుతుంది.

తరువాత ఆయన చూపు ఎదుటి పిట్టగోడకు అతుక్కుపోయింది, చేయి ముందు బ్రేకును గట్టిగా పట్టేసింది. టైరు పట్టు జేబులోని జీతం లాంటిది. మలుపుకే అంతా ఖర్చవుతుంటే బ్రేకుకు మిగిలేది కొంచెమే. వంగిన బండిలో ముందు బ్రేకు పడితే బండి నిటారుగా లేచి నేరుగా పోతుంది. ఆయన బండికి ఏబీఎస్ ఉంది, అంటే గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. 125 సీసీ దాటిన కొత్త బండ్లకు అది 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. కానీ మామూలు ఏబీఎస్‌కు బండి ఎంత వంగిందో తెలియదు. అప్పుడు చేయవలసింది, మలుపు బయటకు వెళ్లే దారిని చూస్తూ కుడి హ్యాండిల్‌ను ముందుకు నెట్టడం. వినడానికి తలకిందులుగా ఉన్నా, బండి కుడికి ఇంకా వంగేది అలాగే. దీన్ని ఖాళీ మైదానంలో ముందే సాధన చేయాలి. భయంలో కొత్త విద్య రాదు.

ఆయన అడగని విషయం ఒకటుంది. శబ్దం వినండి, దిగుడు మొదలైనప్పటి నుంచి ఇంజన్ న్యూట్రల్‌లో ఉంది. పెట్రోలు ఆదా అవుతుందని మన దగ్గర చాలామందికి ఈ అలవాటు. గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచేది, ఆయన ఆ మలుపుకు తక్కువ వేగంతో చేరేవారు. పైగా ఇంజెక్షన్, అంటే పెట్రోలును కొలిచి ఇంజన్‌లోకి చిమ్మే ఏర్పాటు, ఉన్న చాలా బండ్లలో, గేరులో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే పెట్రోలు సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనైతే ఇంజన్ ఆగకుండా ఉండడానికి అది కాలుతూనే ఉంటుంది.