మా జున్ను గుండెలో ఆగని చప్పుడు | కాలిఫోర్నియా తెలుగు వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బావున్నారా? ఈసారి వంట లేదు, కాస్ట్‌కో షాపింగ్ లేదు. కిందటి వీడియో చూసినవాళ్లకి మా జున్ను తెలిసే ఉంటుంది, కొత్తగా ఇంటికొచ్చిన కుక్కపిల్ల. కవాపూ అంటారు. కవలియర్ స్పానియల్‌కీ చిన్న సైజు పూడుల్‌కీ పుట్టిన క్రాస్. వెంట్రుకలు పెద్దగా రాలవు, టౌన్‌హోముల్లో కూడా పెంచుకోవచ్చు అని మనవాళ్ల ఇళ్లలో ఇప్పుడు ఇవీ, డూడుల్సే (పూడుల్‌తో కలిపి పుట్టించిన వేరే క్రాస్‌లు). మా డబ్లిన్‌లో (ఐర్లండ్ కాదండీ, బే ఏరియాలోది) సాయంత్రం పార్కుకి వెళ్తే నాలుగు గిరజాల కుక్కలకి మూడు తెలుగులోనే తిట్లు తింటుంటాయి.

కాలిఫోర్నియాలో 2019 నుంచి పెట్ షాపుల్లో బ్రీడర్ల కుక్కపిల్లల్ని అమ్మకూడదు. షెల్టర్ నుంచో రెస్క్యూ నుంచో వచ్చినవి మాత్రమే ఉండాలి. అందుకని మేం మొడెస్టో వైపు ఒక బ్రీడర్ దగ్గరికి వెళ్లి తెచ్చుకున్నాం. ఇరవై ఎనిమిది వందల డాలర్లు. అవును, అంత. మా అమ్మకి ఇంకా చెప్పలేదు. తల్లికుక్కని చూపించారు, ఇల్లు శుభ్రంగా ఉంది, టీకాల కాగితం ఇచ్చారు, వాళ్ల డాక్టరు చూసి రాసిన హెల్త్ సర్టిఫికెట్టూ ఇచ్చారు. అందులో 'హార్ట్' అన్నచోట 'నార్మల్' అని టిక్ ఉంది.

ఇప్పుడు మా మావయ్యగారి గురించి చెప్పాలి. అత్తయ్యగారూ ఆయనా విజిటర్ వీసా మీద మా దగ్గరే ఉన్నారు కదా. ఆయన పశువుల డాక్టరు. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివి, గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో గేదెలకీ ఎద్దులకీ వైద్యం చేస్తూ రిటైరయ్యారు. జున్ను వచ్చిన మొదట్లో దాన్ని ఆయన పట్టించుకోలేదు. "పాలివ్వదు, దున్నదు, దొంగొస్తే అరవను కూడా అరవదు, దీనికి ఇంత డబ్బెందుకమ్మా" అన్నారు. పేరు మాత్రం నచ్చింది.

ఒకరోజు రాత్రి ఆయన ఐప్యాడ్‌లో మన వార్తలు చూస్తున్నారు. ఇది ఒళ్లో పడుకుంది. ఉన్నట్టుండి సౌండ్ ఆపేసి, "అమ్మాయ్, ఒకసారి ఇటు రా" అన్నారు. గొంతు మామూలుగా లేదు. నా వేళ్లు పట్టుకుని దాని ఎడమ ముందుకాలి చంకలోకి, కాస్త పైకి పెట్టించారు. చర్మం కింద సన్నగా గరగరమంటూ అదురు. "గుండె కొట్టుకోవడం వేరు, ఇది వేరు. దెబ్బకీ దెబ్బకీ మధ్య కూడా ఆగట్లేదు చూడు." తర్వాత వెనక తొడ లోపలివైపు నాడి పట్టించారు. వేలిని పైకి ఎగరేస్తున్నట్టు కొడుతోంది.

"మీకెలా తెలుసు మావయ్యా, మీరు చూసింది గేదెల్ని కదా" అన్నాను. ఆయన చెప్పింది వినండి. గేదెలు గడ్డితోపాటు తీగముక్కలు, మేకులు మింగేస్తాయట. అవి పొట్టలో రెండో అరలో దిగబడతాయి. ఆ అరకీ గుండెకీ మధ్య ఉండేది సన్నటి పొర ఒక్కటే. తీగ దాన్ని గుచ్చుకుంటూ పోయి గుండె సంచీని పొడుస్తుంది, అక్కడ చీము, నీరు చేరతాయి. స్టెతస్కోపు పెడితే గుళగుళమని నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. అలాంటి కేసులు చూసీ చూసీ గుండె చప్పుడులో తేడా ఉంటే పట్టేస్తానన్నారు. "ఇప్పుడు చెవులు తగ్గాయి కానీ చెయ్యి తగ్గలేదు."

అప్పటికి జున్నుకి పైకి ఏమీ లేదు. తింటోంది, చెప్పులు కొరుకుతోంది, మా చిన్నోడి సాక్సు నోట కరుచుకుని మెట్ల మీద పరిగెడుతోంది. ఈ వీడియోలో నేను గట్టిగా చెప్పాలనుకున్నది కూడా ఇదే. పుట్టుకతో గుండె లోపమున్న కుక్కపిల్లలు చాలావరకు మొదట్లో మామూలుగానే ఉంటాయి. ఆయాసం, దగ్గు కనిపించేసరికి గుండె అప్పటికే అలిసిపోయి ఉంటుంది.

మరుసటి రోజే మా ఊళ్లో వెట్ దగ్గరికి తీసుకెళ్లాం. చిన్నమ్మాయి, ఓపిగ్గా చూసింది. రెండువైపులా విని, మళ్లీ ఎడమ చంకలో పైకి పెట్టి చాలాసేపు వింది. మర్మర్ ఉందని చెప్పింది. గుండెలోంచి రక్తం సుడులు తిరుగుతూ పోతే వచ్చే చప్పుడు అది. దానికి ఒకటి నుంచి ఆరు దాకా గ్రేడ్లుంటాయి. ఒకటి అంటే నిశ్శబ్దంగా ఉన్న గదిలో చెవి రిక్కించి వింటేగానీ తెలియదు. చేతికే అదురు తగిలితే ఐదో ఆరో. మా జున్నుది ఐదు.

మావయ్యగారు కూడా డాక్టరని తెలిసి ఆ అమ్మాయి తన స్టెతస్కోపు ఇచ్చింది. ఆయన కళ్లు మూసుకుని విని, "పక్కింట్లో గ్రైండర్ ఆడుతున్నట్టుంది" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్తే ఆ అమ్మాయి నవ్వేసింది. వీళ్ల పుస్తకాల్లో కూడా దాన్ని 'మెషినరీ మర్మర్' అనే అంటారట. ఆగకుండా వినిపించే ఆ చప్పుడు వింటే డాక్టర్లకి మొదట తట్టేది పీడీఏ, అంటే పేటెంట్ డక్టస్ ఆర్టీరియోసస్.

మా ఆడపడుచుకి ఫోన్లో చెప్తే "అయ్యో, గుండెకి చిల్లా" అంది. చిల్లు కాదండీ. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరి పీల్చదు కాబట్టి రక్తం ఊపిరితిత్తుల దాకా వెళ్లి రావాల్సిన పనిలేదు. అందుకని ఊపిరితిత్తులకి వెళ్లే పెద్ద నాళం నుంచి ఒంటికి రక్తం పంచే పెద్ద నాళంలోకి ఒక అడ్డదారి గొట్టం ఉంటుంది. మనుషులకీ అంతే, కుక్కలకీ అంతే. పుట్టి ఊపిరి పీల్చాక కొద్దిరోజుల్లో అది ముడుచుకుని మూసుకుపోవాలి. మూసుకోకపోతే ఒంట్లోకి వెళ్లాల్సిన రక్తంలో కొంత మళ్లీ ఊపిరితిత్తుల్లోకే తిరిగి వచ్చేస్తుంటుంది. గుండె ఎడమ భాగం రెట్టింపు చాకిరీ చేసి పెద్దదవుతుంది, ఆఖరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అలా వదిలేస్తే చాలా కుక్కపిల్లలు మొదటి పుట్టినరోజు చూడవు. పూడుల్, పొమెరేనియన్, మాల్టీస్ లాంటి చిన్న జాతుల్లో, అందులోనూ ఆడ కుక్కల్లో ఇది ఎక్కువ.

మర్మర్ అనగానే కంగారు పడిపోకండి. ఎదిగే కుక్కపిల్లల్లో ఒకటి, రెండు గ్రేడుల మెత్తటి చప్పుడు ఊరికే ఉండి, నాలుగైదు నెలలకి దానంతటదే పోవడం మామూలే. అలాగే చప్పుడు పెద్దదైనంత మాత్రాన బాగుచేయలేని జబ్బని కూడా కాదు. గోల్డెన్ రిట్రీవర్లలో, బాక్సర్లలో వచ్చే సబ్ఎయోర్టిక్ స్టెనోసిస్ అని ఒకటుంది, ఒంటికి రక్తం వెళ్లే దారి కవాటం కింద ఇరుకైపోవడం. అది ముదిరిన రకమైతే హుషారుగా ఆడుకునే కుక్కే ఉన్నట్టుండి కుప్పకూలిపోవచ్చు, దాన్ని పూర్తిగా సరిచేసే మార్గమూ లేదు. మా జున్నుది చేతికి తగిలేంత గోల, కానీ ఆ గొట్టం మూసేస్తే చాలావాటికి మామూలు ఆయుష్షే. అది ఏ చప్పుడో తేలాలంటే ఎకో, అంటే గుండెకి తీసే అల్ట్రాసౌండ్ స్కాన్, చేయాల్సిందే.

మరి హెల్త్ సర్టిఫికెట్‌లో నార్మల్ అని ఎలా రాశారు? నాకూ ఒళ్లు మండింది. వెట్ చెప్పిందేంటంటే, ఈ చప్పుడు పైకి, చంకలో ఒకేచోట గట్టిగా ఉంటుంది. కదిలిపోయే పిల్లని పట్టుకుని కింద గుండె దగ్గర మాత్రమే వింటే తప్పిపోయే అవకాశం ఉందట. సరే, నమ్ముతాను. కానీ ఇప్పుడైతే ఆ టిక్కుకి నేను పెద్ద విలువివ్వను.

ఇన్సూరెన్స్ సంగతి అడుగుతారని తెలుసు. తెచ్చిన రోజే పాలసీ తీసుకున్నాం. కానీ జబ్బులకి పద్నాలుగు రోజుల వెయిటింగ్ ఉంది, ఆలోపు బయటపడింది ఏదైనా పాత జబ్బు కిందే లెక్క. మా తమ్ముడు ఆస్టిన్ నుంచి ఫోన్ చేసి, "అక్కా, వెట్ దగ్గరికి వెళ్లకముందే నాకు చెప్పాల్సింది, రెండు వారాలు ఆగమనేవాణ్ణి" అన్నాడు. ఇలా సలహా ఇచ్చేవాళ్లు మీకూ ఉంటారు. మావయ్యగారు ఫోన్ తీసుకుని, "ఆ రెండు వారాల్లో దానికి ఆయాసం మొదలైతే నువ్వొచ్చి ఊపిరందిస్తావుట్రా" అని పెట్టేశారు.

బ్రీడర్‌కి ఆ సాయంత్రమే మెసేజ్ పెట్టాం, వెట్ రాసిన కాగితం జతచేసి. ఇది ముఖ్యమండీ. కాలిఫోర్నియాలో బ్రీడర్ల మీద ఒక చట్టం ఉంది, పొలాంకో-లాకియర్ పెట్ బ్రీడర్ వారంటీ యాక్ట్. ఏడాదిలో మూడు ఈతలు గానీ ఇరవై కుక్కలు గానీ ఇచ్చినవాళ్లకి వర్తిస్తుంది. మామూలు జబ్బుకి పదిహేను రోజులు, పుట్టుకతో వచ్చిన లోపానికి ఏడాది గడువు. వెట్ తేల్చిన ఐదు రోజుల్లోపు బ్రీడర్‌కి చెప్పాలి. కుక్కపిల్లని తిరిగిచ్చి డబ్బు తీసుకోవచ్చు, ఇంకో పిల్లని తీసుకోవచ్చు, లేదా దాన్నే ఉంచుకుని కొన్న ధరకి ఒకటిన్నర రెట్ల దాకా వైద్యం ఖర్చు రాబట్టుకోవచ్చు. మా లెక్కకి నలభై రెండు వందలు.

ఆవిడ నుంచి జవాబు వెంటనే వచ్చింది. "తీసుకొచ్చేయండి, వచ్చే ఈతలో మీకు నచ్చినదాన్ని ఇస్తాను" అని. మర్యాదగానే అంది. మా ఆయన ఎక్సెల్ షీట్ తెరిచారు, ఆయన బాధ అలాగే బయటికొస్తుంది. మా పెద్దది, ఎయిత్ గ్రేడ్, డైనింగ్ టేబుల్ దగ్గర ఒకటే అడిగింది: "వెనక్కిచ్చేస్తే జున్నుకి వాళ్లు ఆపరేషన్ చేయిస్తారా?" బ్రీడర్‌ని అడిగాం. "మా డాక్టరు ఏమంటే అది" అంది. దాంతో మా పిల్ల లేచి కుక్కని ఎత్తుకుని పైకెళ్లిపోయింది.

మావయ్యగారు మాత్రం ఎమోషనల్ అవ్వలేదు. "ఊళ్లో ఒట్టిపోయిన గేదెని అమ్మేయమని నేనే చెప్పేవాణ్ణి. రైతు కడుపు నిండాలి కదా. వెనక్కిచ్చేవాళ్లని తప్పుపట్టకూడదు. మీకు తాహతుందా లేదా చూసుకోండి, ముందు ఆ ఎకో చేయించండి." నేను కూడా అదే అంటాను. ఇంట్లో ఇద్దరు పిల్లల చదువులు, లేఆఫ్ భయాలు ఉన్నవాళ్లు వెనక్కిస్తే వాళ్లకి మనసు లేదని కాదు. ఏ లోపమో తేలకముందే భయంతో ఇచ్చేయడం మాత్రం నాకు నచ్చదు.

ఎకోకి యూసీ డేవిస్‌లో వెటర్నరీ హాస్పిటల్‌కి వెళ్లాం. 680 హైవే మీద బెనీషియా బ్రిడ్జి దాటి 80 ఎక్కితే, ట్రాఫిక్ లేకపోతే గంటన్నర లోపే. టీచింగ్ హాస్పిటల్ కదా, స్టూడెంట్లు వరసగా వచ్చి జున్ను చంకలో స్టెతస్కోపు పెట్టి విని మొహాలు వెలిగించుకుని వెళ్లారు. పుస్తకంలో చదివిన చప్పుడు దొరికింది వాళ్లకి! మత్తు ఇవ్వలేదు. మధ్యలో కంత ఉన్న బల్ల మీద పక్కకి పడుకోబెట్టి కింది నుంచి ప్రోబ్ పెట్టారు. కొద్దిగా బొచ్చు గొరిగారు, అంతే.

పీడీఏనే. ఇంకే లోపమూ లేదు. గుండె ఎడమవైపు కాస్త పెద్దదైంది, ఊపిరితిత్తుల్లో నీరు లేదు, ఇప్పుడే మందులు అక్కర్లేదన్నారు. మూయడానికి రెండు దారులు. ఒకటి, తొడలో రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపించి, నికెల్-టైటానియం తీగలతో అల్లిన చిన్న బిళ్లని ఆ అడ్డదారిలో అమర్చడం. కుక్కల కోసమే తయారుచేసిన పరికరం అది. రెండోది, పక్కటెముకల మధ్య తెరిచి దారంతో ముడివేయడం. మనుషుల్లో ఈ రెండోదాన్ని 1938లోనే బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే సర్జన్ ఏడేళ్ల పాపకి చేశాడట. వాళ్ల చీఫ్ ఊళ్లో లేనప్పుడు! మా పెద్దది ఎక్కడో చదివి కారులో చెప్పింది.

బిళ్ల పెట్టాలంటే తొడలో నాళం ఆ గొట్టం పట్టేంత ఉండాలి. జున్ను ఇప్పుడు రెండు కిలోల చిల్లర. రెండున్నర, మూడు కిలోల మధ్యకి వస్తే చేయొచ్చన్నారు. ఆలోపు ఆయాసం వస్తే ఆగకుండా ఛాతీ తెరిచే ఆపరేషనే. అందుకని ఇంట్లో ఇప్పుడు రెండు పనులు. రోజూ పొద్దున్నే కిచెన్ స్కేల్ మీద స్టీలు బేసిన్ పెట్టి అందులో దాన్ని కూర్చోబెట్టి తూచడం, రాత్రి నిద్రలో అది నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టడం. ముప్పై దాటితే ఫోన్ చేయమన్నారు. లెక్క డ్యూటీ మావయ్యగారిది. రాసుకోవడానికి యాప్ ఉందంటే వద్దని, ఇండియన్ స్టోర్ క్యాలెండర్‌లో తిథి పక్కన అంకె వేస్తున్నారు.

డబ్బు సంగతి. బిళ్ల పెట్టడానికి ఆరు నుంచి ఎనిమిది వేల మధ్య అవుతుందని ఎస్టిమేట్. బ్రీడర్ చట్టం కాపీ చూశాక నలభై రెండు వందలు ఇస్తానని రాసిచ్చింది. మిగతాది మా మీదే. డిసెంబర్ ఇండియా ట్రిప్ మానేస్తున్నాం, అమ్మకి అదీ చెప్పాలి. ఇంకోటి కూడా ఆవిడ దగ్గర రాయించుకున్నాం. ఇది వంశపారంపర్యంగా వచ్చేది కాబట్టి ఆ తల్లినీ తండ్రినీ మళ్లీ జతకట్టించకూడదని, జున్ను తోబుట్టువుల్ని కొన్నవాళ్లందరికీ విషయం చెప్పాలని. చెప్పింది కూడా. ట్రేసీ నుంచి ఒకావిడ ఫోన్ చేస్తే, మావయ్యగారు వీడియో కాల్‌లో తన చంక చూపిస్తూ ఎక్కడ చెయ్యి పెట్టాలో చెప్పారు. వాళ్ల పిల్లకి అదురేమీ తగల్లేదు, అయినా వెట్‌కి చూపిస్తామన్నారు.

అత్తయ్యగారికి కోపమొచ్చింది మాత్రం ఇంకో విషయానికి. ఐ-94లో (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ఇంకా టైముంది కదా అని మావయ్యగారు రిటర్న్ టికెట్టు వెనక్కి జరిపించుకున్నారు, ప్రొసీజర్ అయ్యేదాకా కదలనని. "మా చెల్లెలి మనవరాలి పెళ్లికి రెండ్రోజులు ముందు వెళ్దామంటే కుదరదన్న మనిషండీ ఈయన" అని ఆవిడ పొద్దుట్నుంచీ కాఫీ గ్లాసులు గట్టిగా పెడుతున్నారు. బరువు సరిపోగానే డేవిస్‌కి ఫోన్ చేసి డేట్ తీసుకుంటాం. ఆ రోజు కెమెరా తీసుకెళ్లను, ఇంటికొచ్చాకే చెప్తాను. ఉంటానండీ, తూచే టైమైంది.