హాఫ్ టైమ్‌లో జనాన్ని ఎత్తుకెళ్ళిపోయిన అన్నదమ్ములు

1992 జనవరి 26. అమెరికాలో సూపర్ బౌల్. అంటే వాళ్ళ ఫుట్‌బాల్‌కి ఫైనల్. మన దగ్గర వరల్డ్ కప్ ఫైనల్ రోజు రోడ్లు ఎలా ఖాళీ అయిపోతాయో, అక్కడ ఆ రోజు అలాగే ఉంటుంది. మినియాపొలిస్‌లో మొదటి సగం అయ్యేసరికి వాషింగ్టన్ 17, బఫెలో సున్నా. హాఫ్ టైమ్ షో మొదలైంది. చలికాలం అలంకరణలు, ఐస్ స్కేటింగ్, గ్లోరియా ఎస్టెఫాన్ పాట. ఇదంతా సీబీఎస్ అనే ఛానల్‌లో.

సరిగ్గా అప్పుడే ఫాక్స్ అనే కుర్ర ఛానల్ ఒక కామెడీ షోని లైవ్‌లో వదిలింది. స్క్రీన్ మీద ఓ గడియారం కూడా పెట్టింది, ఆట మళ్ళీ మొదలవడానికి ఇంకా ఎంత టైమ్ ఉందో చూపిస్తూ. మీ ఆట ఎక్కడికీ పోదు, అందాకా ఇక్కడ కూర్చోండి అన్నమాట! రెండు కోట్ల మందికి పైగా అటు వెళ్ళిపోయారు.

టీవీ చరిత్రలో ఇంతకంటే పెద్ద ప్రాంక్ నేను చూడలేదండి. ఆ గడియారం పెట్టాలన్న ఆలోచన ఉంది చూశారూ, దానికి నేను ఫిదా.

ఆ షో పేరు ఇన్ లివింగ్ కలర్. నడిపింది వేయన్స్ కుటుంబం. న్యూయార్క్‌లో, పేదవాళ్ళకి ప్రభుత్వం కట్టించిన ఫుల్టన్ హౌసెస్‌లో పెరిగారు. పది మంది పిల్లలు. నాన్న సూపర్ మార్కెట్‌లో మేనేజర్. అంతమంది ఉన్న ఇంట్లో ఒకడి మాట మిగతావాళ్ళు వినాలంటే నవ్వించడం వచ్చి తీరాలి. పైగా తోబుట్టువుల దగ్గర నటన చెల్లదు, బాగోకపోతే మొహం మీదే చెప్పేస్తారు.

పెద్దవాళ్ళలో ఒకడైన కీనెన్‌కి డబ్బు లేకుండా పని చేయడం బాగా తెలుసు. నటుడు రాబర్ట్ టౌన్సెండ్‌తో కలిసి రాసిన హాలీవుడ్ షఫుల్ అనే సినిమా 1987లో వచ్చింది. సుమారు లక్ష డాలర్లతో తీశారు, అందులో కొంత భాగం క్రెడిట్ కార్డుల మీద! తమ్ముడు డేమన్ కథ వేరు. 1986లో సాటర్డే నైట్ లైవ్ అనే కామెడీ షోలో, లైవ్ నడుస్తుండగా తన పాత్రని చెప్పకుండా మార్చేశాడు. ఉద్యోగం ఊడింది.

అలాంటి తమ్ముడిని పక్కన పెట్టుకుని అన్న 1990 ఏప్రిల్‌లో షో మొదలుపెట్టాడు. మొదటి ఏడాదే ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చింది. డేమన్ వేసిన హోమీ అనే జోకర్ ఉన్నాడు, జైలు నుంచి పెరోల్ మీద బయటికొచ్చి, తప్పక జోకర్ పని చేస్తుంటాడు. పిల్లలు వెర్రి వేషాలు వేయమంటే ఒప్పుకోడు, మేజోడు తీసి నెత్తి మీద ఒక్కటిస్తాడు. చెల్లెలు కిమ్ వేసిన బెనిటా అయితే మన వీధి అరుగుల మీద కూడా దొరుకుతుంది. నాకెందుకమ్మా ఊరి గొడవలు అంటూనే ఎవరినీ వదలదు. ఇంకో తమ్ముడు షాన్ డీజే. డాన్సులు రోజీ పెరెజ్ నేర్పించింది. కమెడియన్ జిమ్ క్యారీ అమెరికాలో ఇంటింటికీ తెలిసింది ఇక్కడే, అతను, ఇంకొందరు బయటివాళ్ళు కూడా ఆ ఇంటి పిల్లల్లో కలిసిపోయారు.

అన్నీ బాగున్నాయని మాత్రం అనను. స్వలింగ సంపర్కుల మీద, వికలాంగుల మీద చేసిన స్కిట్లు ఇప్పుడు చూస్తే నాకు నవ్వు రాదు, బాధేస్తుంది. ఆ హాఫ్ టైమ్ రోజు కూడా వాటిలో ఒకటి వేశారు.

చివరికి గొడవ ఛానల్‌తోనే వచ్చింది. పాత ఎపిసోడ్లని ఫాక్స్ మళ్ళీ మళ్ళీ వేసేసింది. జనం ఊరికే చూసేసిన వాటిని రేపు ఇంకో ఛానల్ డబ్బిచ్చి ఎందుకు కొంటుంది? కీనెన్ కష్టార్జితం కళ్ళ ముందే కరిగిపోతోంది. నాలుగో సీజన్ మధ్యలో వెళ్ళిపోయాడు. తర్వాత తోబుట్టువులూ వెళ్ళిపోయారు. ఐదో సీజన్‌లో వేయన్స్ ఇంటివాళ్ళు ఒక్కరూ లేరు, 1994లో షో ఆగిపోయింది. ఇంటివాళ్ళు లేని ఇంట్లో పెళ్ళి చేస్తే ఎలా ఉంటుందో ఆ సీజన్ అలాగే ఉంటుంది.

ఇంకో మాట. ఆ హాఫ్ టైమ్ దెబ్బకి ఫుట్‌బాల్ లీగ్ వాళ్ళకి నిద్ర పట్టలేదు. 1993 హాఫ్ టైమ్‌కి మైకేల్ జాక్సన్‌నే తీసుకొచ్చారు. స్టేజ్ మీదకి వచ్చి నిమిషానికి పైగా ఆయన కదలకుండా అలా నిలబడ్డాడు.