160 పేపర్లున్న సార్ దగ్గర చేరిపోవచ్చా?

నమస్తే అండీ. మొన్న అనంతపురం క్లాక్ టవర్ దగ్గర ఉగ్గాని బజ్జీ తింటుంటే, మా పిన్ని కూతురు ఫోన్ తెచ్చి నా ప్లేటు పక్కన పెట్టింది. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ అయిపోయింది, పీహెచ్‌డీకి గైడ్‌ను వెతుక్కుంటోంది. "అన్నా, ఈ సార్‌కు క్యాన్సర్ మీద 160 పరిశోధన పేపర్లున్నాయి. 12 ఏళ్లలోనే! చేరిపోనా?" అంది. సార్ ఎవరో మనకొద్దు. ఆ లిస్టు ఎట్లా చదవాలో చూద్దాం.

12 ఏళ్లలో 160 అంటే నెలకు ఒకటి దాటింది. క్యాన్సర్ కణాల పని ఎట్లుంటుందంటే, ఫ్లాస్కులో పెంచాలి, మందు వేయాలి, రెండు మూడు రోజులు ఆగాలి, ప్రొటీన్ తీసి జెల్ మీద నడపాలి, అంటే జిగురులాంటి పలకలో కరెంటు పెట్టి ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీయాలి. ఇదంతా కనీసం మూడుసార్లు. మధ్యలో ఫంగస్ పట్టిందా, మొత్తం పారబోసి మళ్లీ మొదటికే. ఎలుకల్లో కణితి పెంచాలంటే వారాలు పడుతుంది. పెద్ద ల్యాబ్, నిండా స్టూడెంట్లు ఉంటే నెలకొకటి రావచ్చు, కాదనను.

అందుకే పేర్ల వరస చూడమన్నాను. ఈ రంగంలో మొదటి పేరు మామూలుగా బెంచి దగ్గర నిలబడి పని చేసినవాళ్లది, చివరి పేరు ల్యాబ్ పెద్దది. మధ్యలోవాళ్లు ముఖ్యమైన పరీక్ష ఒకటి చేసిచ్చి ఉండొచ్చు, లేదా మర్యాదకు ఎక్కించినవాళ్లు కావచ్చు. పెండ్లి పత్రిక కింద బంధుమిత్రుల పేర్లు వేస్తాం చూడండి, అట్లా. మేమిద్దరం కూర్చుని లెక్కేస్తే, 160లో సగానికి పైగా సార్ పేరు మధ్యలోనే ఉంది. మిగిలినవాటిలో చాలావరకు రివ్యూలు, అంటే ఇతరులు చేసిన పనిని ఒకచోట చేర్చి రాసినవి. తప్పు కాదు, కానీ అందులో జెల్ నడపడం నేర్చుకోలేం కదా.

మా చెల్లి మొహం వాడిపోయింది. అప్పుడు చెనక్కాయ కథ చెప్పాను. బూజు పట్టిన చెనక్కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, మన జిల్లా రైతుకు ఈ మాట కొత్త కాదు. 1991లో నేచర్ అనే సైన్స్ పత్రికలో పక్కపక్క పేజీల్లో రెండు చిన్న పేపర్లు వచ్చాయి. ఒక బృందం చైనాలోని చిదోంగ్‌లో, ఇంకొకటి ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలో కాలేయ క్యాన్సర్ కణితులను పరీక్షించాయి. రెండూ ఈ విషం ఎక్కువగా తగిలే చోట్లే. కణం అదుపు తప్పకుండా కాపలా కాసే పీ53 అనే జన్యువులో, 249వ కోడాన్ (డీఎన్ఏలో మూడక్షరాల మాట) దగ్గరే మార్పు మళ్లీ మళ్లీ కనిపించింది. చైనా కణితులు 16 చూస్తే 8 కణితుల్లో అక్కడే! విషం డీఎన్ఏ మీద వేలిముద్ర వేసి పోయినట్టు. ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు బృందాలు ఒకే చోటికి వచ్చాయి. నాకైతే 160 కన్నా ఈ రెండే బరువుగా అనిపిస్తాయి.

ఎందుకంటే వేరేవాళ్లు చేసి చూసినా అదే రావడం ఈ రంగంలో అంత తేలిక కాదు. పేరున్న 53 క్యాన్సర్ పేపర్లలోని 193 ప్రయోగాలను మళ్లీ చేయాలని ఒక బృందం పూనుకుంది. 2021లో ఫలితం చెప్పేసరికి, 23 పేపర్ల నుంచి 50 ప్రయోగాలే చేయగలిగారు. పేపర్లో రాసిన దాన్ని మాత్రమే పట్టుకుని చేయగలిగిన ప్రయోగం 193లో ఒక్కటీ లేదట! ప్రతిదానికీ రాసినవాళ్లను అడగాల్సి వచ్చింది, కొందరు జవాబే ఇవ్వలేదు.

ఇక బొమ్మలు. వెస్ట్రన్ బ్లాట్ అంటే జెల్ మీద నడిపిన ప్రొటీన్‌ను గుర్తుపట్టే పరీక్ష, దాని బొమ్మలో బూడిద రంగు మీద నల్లటి అడ్డగీతలు కనిపిస్తాయి. ఫోన్లో పెద్దది చేసి చూడండి. రెండో బొమ్మలోని గీతే ఐదో బొమ్మలో తలకిందులుగా ఉంటే అనుమానించాల్సిందే. ఎలిజబెత్ బిక్ అనే ఆవిడ ఇట్లా కళ్లతోనే 20,621 బయోమెడికల్ పేపర్లు చూసింది. ఆ లెక్క 2016లో వచ్చింది: 3.8 శాతం పేపర్లలో ఇట్లా అనుమానించాల్సిన బొమ్మలు. కొన్ని పొరపాటున జరిగినవే, అన్నీ మోసం కావు.

మా చెల్లి ఆ లిస్టులో మొదటి పేరున్న నలుగురు పాత స్టూడెంట్ల పేర్లు రాసుకుంది. "ఏమడగాలన్నా?" అంది. "మీరు పెంచిన కణాలు మీరనుకున్నవేనని పరీక్ష చేయించారా అని అడుగు" అన్నాను. హీలా అంటే ల్యాబుల్లో ఎక్కువగా పెంచే, తొందరగా పెరిగే ఒక రకం క్యాన్సర్ కణాలు; వేరే కణాలనుకుని వాటినే ఏళ్ల తరబడి పెంచిన ల్యాబులు బోలెడు. సాయంత్రం ఒకతనికి ఫోన్ కలిసింది. ప్రశ్న విని అవతల కాసేపు మాటే లేదంట.