పాత స్టెర్న్‌డ్రైవ్ బోటు రివర్స్‌లో మాట వినడం లేదా? కొనే ముందు ఇవి చూడండి

నమస్కారం అండీ. నా వెనకాల కనిపిస్తున్నది లేక్ లేనియర్. అట్లాంటాకి ఉత్తరాన చట్టహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ కడితే ఏర్పడిన జలాశయం ఇది. ఈ లేక్ పక్కనే ఉన్న కమింగ్ ఊరి చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలిసిందే. వాళ్లలో కొంతమంది "పాత బోటు ఒకటి చూశాం, మీరూ ఒకసారి చూసి చెప్పండి" అంటుంటారు. ఇవాళ్టి రివ్యూ అలాంటి బోటుదే.

తొంభైల నాటి 19 అడుగుల బౌరైడర్, అంటే ముందు భాగంలో కూడా కూర్చునే చోటున్న బోటు. వీ6 ఇంజన్, ఒకే ప్రొపెల్లర్ ఉన్న స్టెర్న్‌డ్రైవ్. ఇంజన్ బాగుంది. నేల గట్టిగా ఉంది. సీట్లు చిరిగాయి కానీ అదేం పెద్ద ఖర్చు కాదు. మిగతా వీడియో అంతా అమ్మే ఆయన చెప్పిన ఒక్క మాట మీదే: "ముందుకి సూపర్‌గా వెళ్తుందండీ, రివర్స్‌లోనే కొంచెం మొండికేస్తుంది. పాత బోట్లన్నీ ఇంతే." ఇందులో సగం నిజం ఉంది. మిగతా సగానికే మన డబ్బులు పోతాయి.

ముందు నిజమైన సగం చూద్దాం. స్టెర్న్‌డ్రైవ్‌లో ఇంజన్ బోటు లోపల, వెనక గోడ దగ్గర ఉంటుంది. ప్రొపెల్లర్‌ని తిప్పే భాగం, అంటే డ్రైవ్, బయట నీళ్లలో వేలాడుతుంది. వోల్వో పెంటా 1959లో ఆక్వామాటిక్ పేరుతో ఈ పద్ధతి తెచ్చింది, 1961లో మెర్క్రూయిజర్ అనే ఇంకో బ్రాండ్ వచ్చింది. గోదావరి మీద పడవలకి ఉన్నట్టు దీనికి చుక్కాని ఉండదు. స్టీరింగ్ తిప్పితే డ్రైవ్ మొత్తం పక్కకి తిరుగుతుంది, ప్రొపెల్లర్ ఎటు తోస్తే బోటు అటు వెళ్తుంది. అంటే న్యూట్రల్‌లో ఉన్నంతసేపూ మీరు స్టీరింగ్ ఎంత తిప్పినా పెద్దగా ఫలితం ఉండదు.

ఇప్పుడు చూడండి. గాలి లేదు, స్టీరింగ్ తిన్నగా పెట్టాను, రివర్స్ వేశాను. వెనక భాగం ఎడమకి జరుగుతోంది కదా? కుడివైపు తిరిగే ప్రొపెల్లర్ రివర్స్‌లో అలాగే లాగుతుంది. అది సింగిల్ ప్రొపెల్లర్ గుణం, దీనికి రిపేర్ లేదు. వోల్వో పెంటా డుయోప్రాప్‌లా ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లు ఉంటే ఆ లాగుడు దాదాపు ఉండదు.

ఇంకోటి. ఇలాంటి చాలా డ్రైవ్‌లలో ఇంజన్ పొగ ప్రొపెల్లర్ మధ్యలోంచే బయటికి పోతుంది. ముందుకి వెళ్లేటప్పుడు అది వెనక్కి కొట్టుకుపోతుంది. రివర్స్‌లో మాత్రం తిరిగి రెక్కల్లోకే వస్తుంది. రెక్కలకి నీళ్లు కాకుండా బుడగలు దొరుకుతాయి. టెన్షన్‌తో థ్రాటిల్ పెంచారనుకోండి, చప్పుడు పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. దీనికి తోడు గాలి ఉంటే, తేలికైన ముందు భాగాన్ని అది పక్కకి నెట్టేస్తుంది. డాక్ దగ్గర జనం చూస్తుంటే ఇవన్నీ కలిసి ఒకేసారి జరుగుతాయి!

సరే, ఇప్పుడు అమ్మే ఆయన చెప్పని సగం. బోటుని ట్రైలర్ మీదికి తెచ్చాం. ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి జేబులో పెట్టుకున్నాను. తమ్ముడూ, నువ్వు స్టీరింగ్ గట్టిగా పట్టుకో, కదలనివ్వకు. నేను డ్రైవ్ కింది భాగం పట్టుకుని కుడికీ ఎడమకీ ఊపుతున్నాను. చూశారా? స్టీరింగ్ కదల్లేదు, డ్రైవ్ మాత్రం కదులుతోంది. కొద్దిపాటి లూజు ఏ పాత బోటులోనైనా ఉంటుంది. ఇక్కడ టక్కు టక్కుమని చప్పుడు కూడా వినిపిస్తోంది.

ఈ లూజు ఎక్కడిదో తెలియాలంటే ఇంజన్ మూత తీసి లోపలికి చూడాలి. వెనక గోడకి లోపలివైపు స్టీరింగ్ ఆర్మ్ ఉంటుంది, కేబుల్ దాన్నే తోస్తుంది. బయట డ్రైవ్ ఊపినప్పుడు ఆ ఆర్మ్ కూడా ఊగితే తప్పు కేబుల్‌లోనో, స్టీరింగ్ చక్రం వెనక ఉన్న గేర్లలోనో ఉంది. అది భరించగలిగే ఖర్చే. బయట డ్రైవ్ ఊగుతూ లోపల ఆర్మ్ కదలకపోతే, అరుగుదల గింబల్ రింగ్‌కీ (డ్రైవ్‌ని పట్టుకుని పక్కకి తిరిగే చట్రం), ఆర్మ్‌ని దానికి కలిపే పైనున్న స్వివెల్ షాఫ్ట్‌కీ మధ్య ఉన్నట్టు. ఈ బోటులో జరుగుతున్నది అదే.

మరి ముందుకి వెళ్లేటప్పుడు ఎందుకు తెలియడం లేదు? ఒకే దిశలో తోపు ఉన్నంతసేపు డ్రైవ్ ఒక పక్కకి ఆనుకుని ఉంటుంది. గేరు మార్చగానే బలం తిరగబడి, ఆ లూజంతా దాటి అవతలి పక్కకి వాలుతుంది. మీరు స్టీరింగ్ తిప్పినదాంట్లో మొదటి భాగం ఆ లూజులోనే ఖర్చవుతుంది.

మెర్క్రూయిజర్ తరహా డ్రైవ్‌లలో అదృష్టం బాగుంటే బిగింపు బోల్టులు సరిచేస్తే లూజు పోతుంది. రింగులో షాఫ్ట్ కూర్చునే చతురస్రపు చోటు అరిగిపోతే రింగూ షాఫ్టూ మార్చాల్సిందే. పద్ధతి ప్రకారం చేయాలంటే ఇంజన్ బయటికి తీయాలి. కొందరు మెకానిక్‌లు పక్కనుంచి రంధ్రం చేసి, పని అయ్యాక బిరడా బిగిస్తారు. ఏదైనా సరే, పార్టుల కంటే కూలి ఎక్కువ. షాఫ్ట్ కింద లోపలివైపు తుప్పు చారలు ఉన్నాయేమో కూడా చూడండి, ఉంటే సీల్ లోంచి నీళ్లు దిగుతున్నట్టే.

స్టీరింగ్ బరువుగా ఉందంటే అది వేరే కథ. పవర్ స్టీరింగ్ ఇంజన్ నడుస్తుంటేనే పనిచేస్తుంది, కాబట్టి ఇంజన్ ఆన్ చేసి చూడాలి. ముందు బ్లోయర్ (ఇంజన్ గదిలోని పెట్రోలు ఆవిరిని బయటికి పంపే ఫ్యాన్) కనీసం నాలుగు నిమిషాలు నడపండి. నీళ్లు పీల్చే చోట గొట్టం తగిలించి నీళ్లు వదలండి, లేకపోతే ఇంపెల్లర్ (నీళ్లు తోడే పంపులోని రబ్బరు చక్రం) కాలిపోతుంది. ప్రొపెల్లర్ దగ్గర ఎవరూ ఉండకూడదు, గేరు వేయకూడదు. తర్వాత ఇంజన్ ఆపి, పవర్ స్టీరింగ్ బెల్టు, ఆయిల్ చూసి, కేబుల్ దగ్గరికి రండి. మెర్క్రూయిజర్ పాత పద్ధతిలో కేబుల్ పై తొడుగు కాస్త కదిలితేనే పవర్ వాల్వ్ తెరుచుకుంటుంది. ఎవరో చక్కగా వైర్లతో కలిపి కట్టేసి ఉంటారు, సాయం రాదు! లోపల గ్రీజు గట్టిపడిన కేబుల్‌ని మాత్రం మార్చేయండి, దాన్ని బాగుచేయాలని చూడటం సమయం వృథా.

రివర్స్‌లో డ్రైవ్ పైకి లేస్తోందా అన్నది కూడా చూడండి. ట్రిమ్ (డ్రైవ్‌ని పైకీ కిందికీ వంచే ఏర్పాటు) పూర్తిగా కిందికి దించాక కూడా లేస్తుంటే ట్రిమ్ హైడ్రాలిక్స్ లోపల లీకు ఉండొచ్చు. పవర్ ట్రిమ్ లేని పాత వోల్వో డ్రైవ్‌లలో అయితే రివర్స్‌లో డ్రైవ్ పైకి లేవకుండా పట్టే రివర్స్ లాక్ పడటం లేదేమో చూడాలి.

ప్రొపెల్లర్ పైన ఉండే చిన్న రెక్కని తిప్పమని సలహా ఇచ్చేవాళ్లు ఎక్కడికెళ్లినా ఉంటారు. అది వేగంగా ముందుకి వెళ్లేటప్పుడు స్టీరింగ్ ఒక పక్కకి లాగకుండా ఉండటానికి. రివర్స్ సమస్యకి దాన్ని ముట్టుకోకండి.

నడిపేటప్పుడు ముందు స్టీరింగ్ తిప్పండి, తర్వాత గేరు వేయండి. క్షణంసేపు రివర్స్, మళ్లీ న్యూట్రల్. డాక్‌కి ఎడమ పక్క ఆనేలా వస్తే చివర్లో వేసే రివర్స్ వెనక భాగాన్ని డాక్ వైపే జరుపుతుంది.

మరి ఈ బోటు కొనాలా? షాఫ్ట్ రిపేర్‌కి మెకానిక్ రాతపూర్వకంగా ఇచ్చిన అంచనా చేతికొచ్చాక, ఆ మొత్తం ధరలో తగ్గిస్తే నేనైతే కొంటాను, ఇంజన్ అంత బాగుంది. తగ్గించనంటే, పైగా ఇది మీ మొదటి బోటు అయితే, వదిలేయండి. అడ్వాన్స్ మాత్రం ఆ అంచనా రాకముందు ఇవ్వకండి.