‘మీ సహకారానికి ధన్యవాదాలు’ అని రాశాక...

సమన్వయకర్త: కార్యాలయ ఉత్తరాల్లో, ఈమెయిళ్లలో ధన్యవాదాలకు కొదవ లేదు. అయినా అవి అందుకున్నవారి మనసుకు తాకడం లేదు. లోపం ఎక్కడుందంటారు?

మానవ వనరుల అధికారిణి: ఏ పనికి కృతజ్ఞత చెబుతున్నామో రాయకపోవడంలో ఉంది. ‘మీ సహకారానికి ధన్యవాదాలు’ అన్న వాక్యాన్ని ఎవరికైనా పంపవచ్చు. ‘శుక్రవారం సాయంత్రం సర్వర్ ఆగిపోయినప్పుడు మీరు జీతాల పట్టికను రాత్రి వరకు కూర్చుని సరిచూసినందువల్ల, మర్నాడు అందరి ఖాతాల్లోనూ జీతం జమయింది’ అని రాస్తే, అది ఆ ఒక్కరికే చెందుతుంది. పై అధికారికి కూడా ప్రతి పంపితే పనితీరు మదింపులో ఆధారంగానూ పనికివస్తుంది.

విశ్రాంత సూపరింటెండెంట్: జనవరి 26న, ఆగస్టు 15న జిల్లా కేంద్రాల్లో ఇచ్చే ప్రశంసాపత్రాలలో తరచుగా పేరు, హోదా మాత్రమే మారతాయి. పటం కట్టించుకుంటే నాకు ఆక్షేపణ లేదు గాని, వరద రాత్రి పునరావాస కేంద్రంలో జాగారం చేసిన గ్రామ రెవెన్యూ అధికారి ఏం చేశారో అందులో ఒక్క ముక్క ఉండదు.

సమన్వయకర్త: మాట సరిగా కుదరదేమోనన్న జంకు కూడా ఉంటుంది కదా?

అధికారిణి: ఆ జంకు అనవసరం. అమెరికాలో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన పరిశోధనలో, కృతజ్ఞతా లేఖ రాసినవారు అందుకునేవారి ఇబ్బందిని ఎక్కువగానూ, ఆశ్చర్యాన్ని, సంతోషాన్ని తక్కువగానూ అంచనా వేసుకున్నట్లు తేలింది. రాసేవారు మాటల పొందిక గురించి బెంగపడుతుంటే, చదివేవారు అందులోని ఆత్మీయతనే ఎక్కువగా గమనిస్తారు.

సూపరింటెండెంట్: ఆత్మీయత సరే, పని పురమాయిస్తూనే ‘ముందస్తు ధన్యవాదాలు’ అనడం మాత్రం కాదనే వీలు లేకుండా చేయడమే.

అధికారిణి: అంగీకరిస్తాను. ఆదివారం పనిచేయించుకుని, అందుకు బదులుగా ఇవ్వవలసిన సెలవు మంజూరు చేయకుండా పొగడ్తతో సరిపెట్టడం అంతకన్నా అన్యాయం. ముందు మంజూరు ఉత్తర్వు, ఆ తరువాతే లేఖ.

సమన్వయకర్త: కింది ఉద్యోగి పై అధికారికి రాస్తే కాకా పడుతున్నారని అనుకోరా?

సూపరింటెండెంట్: తప్పకుండా అనుకుంటారు. అందుకే, ఆ అధికారి బదిలీపై చార్జి అప్పగించి వెళ్లాక రాయమని మా సిబ్బందికి చెప్పేవాణ్ణి.