బొప్పిని కాదు, బిడ్డ తీరును చూడండి

నమస్కారం. బిడ్డ మంచం మీద నుంచి దొర్లి పడిందనగానే ఇంట్లో అందరి చేతులూ నుదుటి మీదికే వెళ్తాయి. బొప్పి చిన్నదైతే గండం గడిచిందనుకుంటారు. ఈ అపోహ నన్ను ఎంతో బాధపెడుతోంది.

తోడుకుంటున్న పెరుగు గిన్నెను తలచుకోండి. జారి పడితే గిన్నెకు సొట్ట కూడా పడకపోవచ్చు, లోపల పెరుగు మాత్రం విరిగిపోతుంది. పసిబిడ్డ మెదడూ అంతే. అందులో నీటి శాతం ఎక్కువ, నరాల మీద మైలిన్ అనే రక్షణ పొర ఇంకా పూర్తిగా ఏర్పడదు. తల బరువు, మెడ బలహీనం. గిన్నె పడకపోయినా గట్టిగా ఊపితే చాలు కదా, పెరుగు చెదిరిపోతుంది! ఏడుపు ఆపాలని బిడ్డను పట్టుకుని కుదిపేస్తే, తలకు ఏ దెబ్బా తగలకుండానే లోపల రక్తస్రావం కావచ్చు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

తలకు దెబ్బ తగిలిన మొదటి వారంలో ఫిట్స్ వచ్చే అవకాశం పెద్దవాళ్లకన్నా రెండేళ్లలోపు పిల్లలకే ఎక్కువ. కాళ్లూ చేతులూ కొట్టుకుంటేనే ఫిట్స్ అనుకోకండి. చూపు ఒకవైపే నిలిచిపోవడం, పెదవులు చప్పరించడం, సైకిల్ తొక్కినట్టు కాళ్లాడించడం, ఊపిరి కాసేపు ఆగడం కూడా ఫిట్సే కావచ్చు. ఇంకొకరు పక్కన ఉంటే ఫోనులో వీడియో తీయించండి. డాక్టరుకు మీ మాటలకన్నా అదే ఎక్కువ చెబుతుంది.

మొదటి వారంలో ఫిట్స్ వస్తే జీవితాంతం మూర్ఛ వ్యాధి ఉంటుందని కాదు. వారం దాటాక, మెదడులో మిగిలిన మచ్చ నుంచి పుట్టే ఫిట్స్ వేరు. ఫెనిటోయిన్ లాంటి మందు మొదటి రకాన్ని తగ్గిస్తుంది, రెండోదాన్ని అడ్డుకుంటుందని రుజువు కాలేదు. అందుకే చాలాసార్లు డాక్టర్లు దాన్ని 7 రోజులకే ఆపేస్తారు. నిర్లక్ష్యం అనుకోకండి.

సమయం తక్కువ ఉంది, మిగతాది త్వరగా చెబుతాను. అమెరికాలో 42,000 మందికి పైగా పిల్లలను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రెండేళ్లలోపు పిల్లల్లో నుదుటి బొప్పికన్నా చెవి పైన, తల వెనక వచ్చే వాపే ప్రమాద సూచన. మూడు అడుగులకన్నా ఎత్తు నుంచి పడినా, స్పృహ తప్పినా, తల్లి కంటికి బిడ్డ తీరు తేడాగా కనిపించినా ఆసుపత్రికి వెళ్లండి. పదేపదే వాంతులు, మాడు ఉబ్బడం, పాలు తాగకపోవడం కూడా అంతే. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో ఏమీ పెట్టకండి. మెడ మెలిపడకుండా బిడ్డను పక్కకు తిప్పి, 108కి ఫోను చేయండి. ఫిట్స్ వాటంతటవే ఆగినా సరే, ఆసుపత్రికి తీసుకువెళ్లాల్సిందే.